47 ఏళ్ల వయసులో మోటోక్రాస్ పోటీకి దిగొచ్చా? డెల్టాలో ఉంటూ ఎలా సిద్ధమవ్వాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చూసుకునే ఒకాయన. వయసు 47, బరువు 84 కిలోలు, బీపీకి టెల్మిసార్టన్ వేసుకుంటున్నారు. రెండేళ్లుగా హీరో ఎక్స్‌పల్స్ 200 4వి బండి మీద చెరువు గట్ల వెంట తిరుగుతున్నారు. వచ్చే ఏడాది ఏదైనా మోటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద బైకుల రేసు) పోటీలో నోవిస్ (కొత్తవాళ్ల) తరగతిలో దిగాలని ఉంది. ఈ వయసులో కుదురుతుందా, ఈ పల్లపు నేలలో సాధన ఎలా, కవాసాకీ వాళ్ల రేసు బండి కేఎక్స్ 250 కొనెయ్యమంటారా అని అడిగారు.

కుదురుతుందండి. తొమ్మిది పది నెలల టైమ్ పెట్టుకోండి. కేఎక్స్ ఇప్పుడే వద్దు. వారానికి రెండుసార్లకు మించి బండెక్కొద్దు. మొదటి పోటీలో చివరి ల్యాపు (ట్రాక్ చుట్టు) దాకా నిలబడి బయటికి రావడమే లక్ష్యం అనుకోండి. అమెరికాలో గ్లెన్ హెలెన్ ట్రాక్ మీద వెటరన్ల కోసమే ఏటా పోటీ జరుగుతుంది, 30 దాటినవాళ్ల దగ్గర్నుంచి 60 దాటినవాళ్ల దాకా తరగతులు ఉంటాయి. మన దగ్గర మాత్రం వయసును బట్టి తరగతి ఉంటుందని లెక్కేసుకోకండి. నోవిస్‌లో మీ పక్క గేటులో ఇరవై ఏళ్ల కుర్రాడు నిలబడి ఉంటాడు. వాడు పడితే రెండు వారాల్లో లేచి తిరుగుతాడు, మీకు మూడు నెలలు పడుతుంది. కింద రాసేదంతా ఆ తేడాను లెక్కలోకి తీసుకుని రాసింది.

ముందు డాక్టరు, తర్వాతే బండి

మోటోలో, అంటే పోటీలో ఒక్కో పరుగులో, గుండె వేగం రెండు మూడు నిమిషాల్లోనే గరిష్ఠానికి 90 శాతం దగ్గరికి వెళ్లి, జెండా పడేదాకా అక్కడే ఉంటుంది. బండి మనల్ని మోస్తోంది కదా అనుకునేవాళ్లకు ఇది తెలీదు. అందుకని మామూలు ఈసీజీతో సరిపెట్టుకోకుండా టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద గుండె పరీక్ష), ఎకో (గుండె స్కాన్) చేయించుకోండి. బీపీ మాత్ర పేరు, మోతాదు రాసి పట్టుకెళ్లి "మోటార్ సైకిల్ రేసుకు దిగుతున్నాను" అని అదే మాటతో చెప్పండి. వ్యాయామం చేస్తాను అంటే డాక్టరు పొద్దున్నే నడక అనుకుంటారు.

మందుల విషయంలో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ వాడేవాళ్లకు గుండె వేగం మాత్ర వల్లే తగ్గి ఉంటుంది, వాచీలో అంకె చూసి సాధన చేస్తే లెక్క తప్పుతుంది. మీరు వాడే టెల్మిసార్టన్‌తో ఆ ఇబ్బంది లేదు. కానీ దాంతో కలిపి నీరు పోయే మాత్ర కూడా ఉందేమో స్ట్రిప్ మీద చూడండి. ఉంటే ఏప్రిల్, మే ఉక్కలో తేలిగ్గా డీహైడ్రేట్ అవుతారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు తలకు తగిలిన చిన్న దెబ్బ కూడా లోపల రక్తస్రావం కావచ్చు. అలాంటివాళ్లు పోటీ ఆలోచన మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం. షుగరుకు గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడేవాళ్లు గంట సాధన మధ్యలో షుగర్ పడిపోయే ప్రమాదం గురించి డాక్టరుతో విడిగా మాట్లాడాలి.

కళ్లు కూడా చూపించుకోండి. ఈ వయసులో చాలామంది ప్రోగ్రెసివ్ అద్దాలు వాడతారు. వాటి కింది భాగం చదువుకోవడానికి. నిలబడి బండి నడుపుతూ నేల మీది గాడి చూడబోతే చూపు సరిగ్గా ఆ భాగంలోంచే పోయి, గాడి లోతు తప్పుగా కనిపిస్తుంది. బండి మీదకు దూరం చూపు ఒక్కటే ఉన్న కళ్లజోడు వేరే చేయించుకుని, కళ్లజోడు మీద పెట్టుకునే ఓటీజీ గాగుల్స్ కొనండి.

ఒంటి సాధన

గరిష్ఠ గుండె వేగానికి 208 లోంచి వయసులో 70 శాతం తీసేసే లెక్క నలభై దాటినవాళ్లకు సుమారుగా పనికొస్తుంది. మీకు 175 వస్తుంది. మనిషికీ మనిషికీ పది అటూ ఇటూ ఉంటుంది.

మొదటి రెండు నెలలు వారానికి మూడుసార్లు, 45 నిమిషాల చొప్పున సైకిలు 110–125 మధ్య తొక్కండి. మన దగ్గర ఎత్తులు లేవు కాబట్టి ఎదురుగాలే ఎత్తు. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది, దానికి ఎదురు తొక్కితే సరిపోతుంది. మూడో నెల నుంచి ఒకరోజు సైకిలు తీసేసి ఇంటర్వల్స్ పెట్టండి. నాలుగు నిమిషాలు 150–157 మధ్య, మూడు నిమిషాలు నెమ్మదిగా. మొదట రెండుసార్లు, నెలాఖరుకు నాలుగుసార్లు.

బలానికి జిమ్ తప్పనిసరి కాదు. మీ చెరువు షెడ్డులో 25 కిలోల మేత బస్తాలు ఉంటాయి. చేతికొకటి పట్టుకుని 30 మీటర్లు నడవడం, ఒకటి గుండెకు హత్తుకుని గుంజీలు తీయడం, నడుము దగ్గర వంగి బస్తా లేపడం. ఇవి వారానికి రెండు రోజులు. బస్తా ఎత్తేటప్పుడు వెన్ను గుండ్రంగా వంగితే బరువు తగ్గించండి. వీటికి తోడు మెడకు చేతిని అడ్డుపెట్టి నాలుగు వైపులా నెట్టే వ్యాయామం, ఒంటికాలి మీద నిలబడటం. చివరిది తేలికే అనిపిస్తుంది, కళ్లు మూసుకుని 20 సెకన్లు నిలబడి చూడండి.

బండెక్కిన రోజుకీ, మళ్లీ బండెక్కే రోజుకీ మధ్య కనీసం 48 గంటలు ఉండాలి. బుధవారం, ఆదివారం బాగుంటాయి. పొద్దున్న లేచాక గుండె వేగం మామూలుకంటే ఏడెనిమిది ఎక్కువుంటే ఆ రోజు బండి తీయకండి. రాత్రి ఏరియేటర్లు చూసుకుంటూ నిద్ర చాలని రోజైతే వాచీ చూడక్కర్లేదు, మానెయ్యండి.

ముంజేతులు బిగుసుకుపోవడం

అందరికంటే ఎక్కువగా ఈ వయసువాళ్లు అడిగే బాధ ఇదే. మూడో ల్యాపుకల్లా ముంజేయి రాయిలా గట్టిపడి, వేళ్లు బ్రేకు లివరు మీదకు రావు. కండరం రక్తంతో ఉబ్బుతుంది, దాని చుట్టూ ఉన్న పొర సాగదు, లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రవాహం అడ్డుపడుతుంది. చేతి బలం పెంచితే పోతుందని స్ప్రింగ్ గ్రిప్పులు నొక్కేవాళ్లుంటారు. దానివల్ల పెద్దగా ఒరిగేదేం లేదు. కారణం దాదాపు ఎప్పుడూ మోకాళ్లలో ఉంటుంది. ట్యాంకును మోకాళ్లతో పట్టనివాడు హ్యాండిల్‌ను చేతులతో పట్టుకుని వేలాడతాడు.

పరీక్ష తేలిక. మెట్ట నేల మీద రెండో గేరులో నిలబడి వెళుతూ రెండు చేతుల వేళ్లూ వదులు చేయండి, అరచేతులు గ్రిప్పుకు ఆనితే చాలు. ఒళ్లు వెనక్కి పడిపోతోందంటే మోకాళ్లు పనిచేయట్లేదని అర్థం. లివర్లు కూడా చూసుకోండి. నిలబడినప్పుడు ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే వరసలో ఉండేలా లివర్లను కిందికి తిప్పండి. షోరూమ్‌లో కూర్చుని నడిపేవాళ్లకు సరిపోయేలా అవి పైకి ఉంటాయి. క్లచ్చి, బ్రేకు ఒక్క వేలితో, మహా అయితే రెండు వేళ్లతో.

నేల ఎక్కడ?

డెల్టాలో అసలు చిక్కు ఇదే. మన ఒండ్రు మట్టి ఎండితే బీటలు తీసి సిమెంటులా ఉంటుంది. తడిస్తే బంకలా చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య నిండి, చక్రం తిరగకుండా చేస్తుంది. మధ్యస్థంగా ఉండే రోజులు తక్కువ.

దాళ్వా (రెండో పంట) కోత అయ్యి, కాలువలు కట్టేశాక ఏప్రిల్ చివర్నుంచి జూన్‌లో నీళ్లు వదిలేదాకా పొలాలు ఖాళీగా ఉంటాయి. రైతును అడిగి ఒక ఎకరం ముక్క తీసుకోండి. గట్లు తెగకుండా చూసుకుంటానని చెప్పండి, తెగితే కట్టివ్వండి. సాధనకు ముందు ఆ ముక్కంతా కాలినడకన తిరగండి. బోదెలు, దాగి ఉన్న బోరు పైపులు, కొబ్బరి మోళ్లు, కరెంటు స్టే వైర్లు కనబడతాయి. వరి కొయ్యల్లో పాములుంటాయి, బూట్లు వేసుకునే నడవండి. కాలువ గట్ల మీద మాత్రం రేసు సాధన వద్దు. అటునుంచి సైకిలు మీద పాలక్యాను వస్తుంది, తప్పుకునే చోటుండదు.

గోదావరి లంకల్లో ఇసుక బాగుంటుంది, వరద తీశాక వెళ్లొచ్చు. ఇసుక మీద ముందు చక్రం తేలిగ్గా ఉండాలి, బరువు కాస్త వెనక్కి, ఒక గేరు పైన, థ్రాటిల్ నిలకడగా. భయపడి థ్రాటిల్ మూసిన క్షణంలో ముందు చక్రం ఇసుకలో దిగబడి బండి బోర్లా పడుతుంది. అంతర్వేది, ఓడలరేవు తీరాల మీద నడపాలని చాలామందికి సరదా. శీతాకాలం నుంచి వేసవి మొదటి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఆ ఇసుక మీద చక్రం తిప్పొద్దు. పైగా ఉప్పు బండిని నెలలో తినేస్తుంది.

జంపులు, ఎర్ర నేల, ఎత్తుపల్లాలు కావాలంటే రాజానగరం, గోకవరం వైపు మెట్టకు పోవాలి. నెలకొకసారి టాటా ఏస్‌లో బండి వేసుకెళ్తే చాలు. పోటీకి మూడు నెలల ముందు ఒక్కసారైనా అసలైన ట్రాక్ మీద శిక్షణ తీసుకోండి. డాకర్ ర్యాలీ పూర్తి చేసిన మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్ కోలారు దగ్గర పెట్టిన బిగ్ రాక్ డర్ట్ పార్క్ అలాంటి చోటే.

ఏం సాధన చేయాలి, ఏ వరసలో

అందరూ జంపుతో మొదలుపెడతారు. మీరు దాన్ని ఆఖరికి పెట్టండి. ల్యాపు టైమ్ ఎక్కువగా తగ్గేది బ్రేకు, మలుపుల దగ్గర. ఎముకలు ఎక్కువగా విరిగేది జంపుల దగ్గర.

రెండు పాత టైర్లు 15 మీటర్ల దూరంలో పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకెలా తిరగండి. ఐదు నిమిషాలు తిరిగి, ఐదు నిమిషాలు ఆగండి. బ్రేకు నిలబడే వేయాలి, ముందు బ్రేకు మీదే ఎక్కువ బరువు, బండి నిటారుగా ఉన్నంతవరకే గట్టిగా. మలుపులో కూర్చునేటప్పుడు సీటు ముందు అంచుకు, ట్యాంకు మీదకన్నట్టు జరగండి. బయటి మోచెయ్యి పైకి, బరువు బయటి ఫుట్‌పెగ్ మీద.

లోపలి కాలు దగ్గర కాస్త ఆగుదాం, మోకాళ్లు పోయేది ఇక్కడే. కాలు బయటికి చాపితే సరిపోదు, ముందుకు చాపాలి. పాదం ముందు చక్రం ఇరుసు వైపు, కాలివేళ్లు పైకి, మోకాలు కొంచెం మడిచి. పాదం పక్కకు గానీ వెనక్కి గానీ ఉండి నేలను తాకిందంటే, బండి ముందుకు పోతుంది, పాదం అక్కడే ఆగుతుంది, మధ్యలో మోకాలు మెలితిరిగి లోపలి లిగమెంటు తెగుతుంది. అలసిపోయినప్పుడు కాలు దానంతటదే వెనక్కి జారుతుంది. అందుకే ఆ రోజుకు చివరి రెండు ల్యాపులు అనుకున్నవాటిని ఎప్పుడూ వదిలేయాలి.

మలుపులు కుదిరాక గాడులు. చూపు గాడిలో చక్రం ముందు కాకుండా, గాడి బయటికి వచ్చే చోట ఉండాలి.

ఆ తర్వాత టేబుల్‌టాప్ జంపు. పైన బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి తక్కువ దూకినా గుంతలో పడరు. ఎక్కేటప్పుడు థ్రాటిల్ ఒకేలా ఉండాలి. అంచు దగ్గర భయంతో థ్రాటిల్ వదిలితే ముందు చక్రం కిందికి దిగి తలకిందులుగా పడతారు. గాలిలో ముక్కు మరీ పైకి లేస్తే వెనక బ్రేకు నొక్కండి, కిందికి వాలితే థ్రాటిల్ ఇవ్వండి. డబుల్ జంపులను దూకకుండా ఒక్కొక్క దిబ్బా ఎక్కి దిగి పోవచ్చు, అది తప్పేమీ కాదు. మొదటి ఏడాది అలాగే పొండి. మీ గీత పట్టుకుని నిలకడగా పొండి, వెనకాల దూకి వచ్చేవాడు మిమ్మల్ని చూసి తప్పుకోగలగాలి.

బండి

కేఎక్స్ 250 ఎందుకు వద్దంటే, అది దాదాపు 110 కిలోల బరువుతో మీ బండికంటే రెట్టింపు శక్తి ఇస్తుంది. అలసిన చేతిలో ఆ థ్రాటిల్ చాలా ప్రమాదం. రోడ్డు రిజిస్ట్రేషన్ కూడా లేదు, పొలం దాకా వ్యానులోనే తీసుకెళ్లాలి. పైగా ఇంజిన్ ఆయిలు, పిస్టను అన్నీ గంటల లెక్కన మార్చాలి. ఎక్స్‌పల్స్ బరువు, దానికి పెద్ద జంపులు తగవు, కానీ బ్రేకు, మలుపు, ఇసుక నేర్చుకోవడానికి చాలు. పోటీకి ఏ తరగతిలో దాన్ని దించవచ్చో ఆ పోటీకి నిర్వాహకులు ఇచ్చే నిబంధనల పత్రం (సప్లిమెంటరీ రెగ్యులేషన్స్) చదివాకే ఖాయం చేసుకోండి.

సస్పెన్షన్ మొట్టమొదట మీ బరువుకు సరిచేయాలి. బండిని స్టాండు మీద ఎత్తి, వెనక ఇరుసు నుంచి సైడ్ ప్యానెల్ మీద ఒక గుర్తుకు కొలవండి. తర్వాత బూట్లు, హెల్మెట్‌తో సహా మీరు ఎక్కి నిలబడి, ఇంకొకరితో కొలిపించండి. తేడాయే సాగ్. అది వెనక సస్పెన్షన్ మొత్తం కదలికలో మూడో వంతు దగ్గర ఉండాలి. మామూలు ఎక్స్‌పల్స్‌కు 170 మి.మీ. కదలిక, అంటే 50–57 మి.మీ. ర్యాలీ కిట్ (ఎత్తయిన సస్పెన్షన్ భాగాల సెట్టు) వేసినదానికి 220, అంటే 65–75. ప్రీలోడ్, అంటే స్ప్రింగును ముందుగా నొక్కి ఉంచే నట్టు, బిగించి అక్కడికి తెచ్చాక మీరు దిగి, బండి తన బరువుకే ఎంత దిగుతోందో చూడండి. అసలు దిగకపోతే స్ప్రింగు మీకు మెత్తన. చాలామంది అప్పుడు స్ప్రింగు గట్టిదని తిరగేసి అనుకుంటారు.

టైర్లకు గాలి 14–15 పీఎస్ఐ, బురదకు 12. కానీ రిమ్ లాక్ (టైరును రిమ్‌కు బిగించి పట్టే బిళ్ల) లేకుండా ఇంత తగ్గించొద్దు. టైరు రిమ్ మీద జారి ట్యూబు వాల్వును పీకేస్తుంది. అద్దాలు, ఇండికేటర్లు, సైడ్ స్టాండు తీసేస్తారు కదా, స్టాండుకు సెన్సార్ ఉన్న బండైతే గేరు వేయగానే ఇంజిన్ ఆగిపోతుంది. ఆ వైరు సంగతి మెకానిక్‌తో ముందే చూపించుకోండి, స్టార్ట్ గేటు దగ్గర కాదు.

ఎయిర్ ఫిల్టరు పొడి నేల మీద సాధన చేసిన ప్రతిసారీ తీసి చూడాలి. ఫిల్టరు కూర్చునే అంచుకు పలచగా గ్రీజు రాయండి, ధూళి దూరేది అక్కడినుంచే. ఇంకో మాట, ముఖ్యంగా మీకు: చెరువు నీళ్లతో బండి కడగొద్దు. పంపు పక్కనే ఉంది కదా అని కడిగేస్తారు. ఆ ఉప్పు స్పోకు నిపిళ్లలో, చైనులో, స్విచ్చుల్లో చేరి నెలలో పట్టేస్తుంది. ఆ చుట్టుపక్కల బోరు నీళ్లు కూడా ఉప్పగానే ఉంటాయి. కాలువ నీళ్లో, మంచినీళ్ల ట్యాంకరో వాడండి. కడిగాక స్వింగ్ ఆర్మ్, స్టీరింగ్ బేరింగులకు గ్రీజు.

ఒంటికి తొడిగేవాటిలో డబ్బు మొదట హెల్మెట్‌కీ, మోకాళ్ల దాకా వచ్చే మోటోక్రాస్ బూట్లకీ, కీలు ఉన్న మోకాలి బ్రేసులకీ పెట్టండి. చెరువుల్లో వాడే గమ్ బూట్లు చీలమండను కాపాడవు. తల నేలకు గట్టిగా తగిలిన హెల్మెట్ బయటికి బాగానే కనిపించినా తీసి పారేయాలి.

నీళ్లు, ఉక్క

వేసవిలో పొద్దున్న ఐదున్నర నుంచి ఎనిమిది లోపే సాధన. మన దగ్గర ఎండకంటే గాలిలో తేమ దెబ్బతీస్తుంది, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి పది పదిహేను రోజులు సగం టైమే నడపాలి.

కోనసీమ పక్కనే ఉన్నాం కాబట్టి అందరూ కొబ్బరిబోండాలు దించుతారు. వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ఎక్కువగా సోడియం. పైగా మీరు వాడే టెల్మిసార్టన్ ఒంట్లో పొటాషియాన్ని నిలిపే రకం, బోండం మీద బోండం తాగడం మీకు తగదు. ఒక బోండం సరే, మిగతాది ఓఆర్ఎస్. ప్యాకెట్టును దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, చిక్కగా కలిపితే కడుపులో తిప్పుతుంది. ఉప్పు వాడకం బీపీ డాక్టరుకు చెప్పే చేయండి.

కాగితాలు, పోటీ రోజు

గుర్తింపు ఉన్న పోటీలకు ఎఫ్ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ క్రీడలను నడిపే సంఘం) లైసెన్సు కావాలి, దానికి డాక్టరు సంతకంతో వైద్య పత్రం జత చేయాలి. మీ బండి ఇన్సూరెన్సు రేసులో జరిగినదానికి వర్తించదు, పాలసీలో వాడకం పరిమితుల కింద ఆ మాట ఉంటుంది. ఆరోగ్య బీమాలో "ప్రొఫెషనల్‌గా" సాహస క్రీడల్లో పాల్గొంటే చెల్లించం అనే మినహాయింపు ఉంటుంది, అందులో మోటార్ రేసింగ్ పేరు కూడా ఉంటుంది. సరదాగా దిగే మీకు అది వర్తిస్తుందా అని కంపెనీకి ఈమెయిలు పెట్టి, జవాబు రాతలో తీసుకోండి. ఏజెంటు నోటిమాట పనికిరాదు.

ముందురోజే చేరుకుని ట్రాకంతా నడవండి. నోవిస్ మోటోలు చాలావరకు చిన్నవే, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో లాగా 30 నిమిషాలు ప్లస్ రెండు ల్యాపులు ఉండవు. గేటు ఎంచుకునే వీలుంటే బయటి వైపుది తీసుకోండి. మొదటి మలుపులో లోపలివాళ్లు ఒకరిమీద ఒకరు పడతారు, మీరు వెడల్పుగా తిరిగి వెళ్లిపోవచ్చు. పసుపు జెండా ఊపితే దూకకూడదు, దాటకూడదు. ఎర్ర క్రాస్ ఉన్న తెల్ల జెండా అంటే ట్రాక్ మీద వైద్యులున్నారని. నీలం జెండా మీకు చాలాసార్లు కనిపిస్తుంది, ల్యాపు దాటించేవాళ్లు వస్తున్నారని అర్థం. అప్పుడు పక్కకు గబుక్కున జరగొద్దు, మీ గీతలోనే పొండి.

తలకు దెబ్బ తగిలి ఒక్క క్షణం మసకబారినా, వాంతి వచ్చినట్టున్నా రెండో మోటోకు దిగొద్దు. ఆ రాత్రి ఒంటరిగా పడుకోవద్దు, వ్యాను మీరు నడపొద్దు.

సాగ్ కొలిచి మీరు ఎక్కినప్పటిదీ, దిగినప్పటిదీ రెండు అంకెలూ, బండికి ర్యాలీ కిట్ ఉందో లేదో ఇక్కడ రాయండి. స్ప్రింగు మార్చాలా, ప్రీలోడ్‌తో సరిపోతుందా చెప్తాను.